వెనక సీట్లో నాయన

చిత్తూరు కోర్టులో పరంధామయ్య సార్ ఓడిపోయిన కేసులు తక్కువ. ఎందుకో బార్ రూంలో అందరికీ తెలుసు. క్రిమినల్ కేసైనా, మొగుడూ పెళ్లాల గొడవైనా, కొత్త క్లయింటు వస్తే ఫీజు మాట్లాడే ముందు కారెక్కించేవాడు.

"రాప్పా, కాణిపాకం పోయొద్దాం. ఊరికే దర్శనం."

ప్రమాణం చేయమని ఏ రోజూ అడగలేదు. అడగాల్సిన పని లేదు. కోర్టు బోనెక్కి దేవుడి సాక్షిగా ఎన్ని అబద్ధాలైనా చెప్పే మనిషి కూడా, మా వైపు, కాణిపాకం వినాయకుడి ముందు ఒక్క అబద్ధానికి జంకుతాడు. మనసులో ఏదైనా ఉంటే గుడి దాకా వస్తాడు, లోపలికి రాడు. ఒకడికి చెప్పు తెగేది. ఇంకొకడికి ఇంట్లో మైల గుర్తొచ్చేది. భార్యను బావిలో తోశాడన్న కేసులో ఒక పెద్దమనిషికి కొబ్బరికాయల అంగడి ముందు ఉన్నట్టుండి కడుపునొప్పి మొదలైంది.

సార్ మారుమాట అనేవాడు కాదు. తిరిగొచ్చాక తన జూనియర్‌నైన నాతో మాత్రం చెప్పేవాడు.

"కేసు తీసుకుంటున్నాం అమలా. ఏ ప్రశ్న అడక్కూడదో ఇప్పుడు తెలిసింది గదా."

ఆ కారు తోలేది మా నాయన ఎల్లప్ప. కారు ఊరి చివర ఇరువారం దాటకముందే క్లయింటు ముఖం చదివేసేవాడు. అద్దంలోంచి నా వైపు చూసి, "ఈ యప్ప దిగడు సూడు మా," అన్నట్టు కనుబొమలు ఎగరేసేవాడు. ఎప్పుడూ తప్పలేదు.

డ్రైవర్ కూతురిని తిరుపతిలో లా చదివించి, ఎన్‌రోల్‌మెంట్ రోజు నల్లకోటు స్వయంగా తొడిగిన మనిషి సార్. ఆదివారాలు సబ్‌జైలుకెళ్లి వకీలు లేనివాళ్ల కేసులు ఉచితంగా చూసేవాడు. మనోవర్తి కోసం వచ్చిన ఆడవాళ్ల దగ్గర రూపాయి ముట్టేవాడు కాదు. మా ఇంట్లో ఆయన మాటకు ఎదురుండేది కాదు. అమ్మ కొత్త చీర కట్టుకున్నా ముందు సార్ ఇంటికెళ్లి చూపించి వచ్చేది.

ఆ మే నెలలో సార్ పేరు హైకోర్టు జడ్జి పదవికి పరిశీలనలోకి వెళ్లింది. కోర్టు ఆవరణలో టీ అంగడి మునస్వామి అప్పుడే ఆయన్ని "జడ్జిగారూ" అనడం మొదలుపెట్టాడు.

అదే నెలలో నాయన ఒక మనిషిని చంపాడు.

ఆ ఏడు మామిడికాయకు ధర పడిపోయింది. గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరాయి. లోపలికి పిలుపొచ్చే దాకా డ్రైవర్లు అక్కడే తిని, ట్రాలీల కింద పడుకునేవాళ్లు. వాళ్లలో విజయ్ కుమార్ ఒకడు. పొద్దుగూకాక టీ తాగడానికి రోడ్డు దాటుతుంటే తెల్ల కారు కొట్టేసింది. ఆగలేదు. కారు నంబరు పక్క ట్రాక్టర్ వాళ్లు చూశారు. లోపలెవరున్నారో లైట్ల వెలుగులో చూడలేకపోయారు.

మర్నాడు పొద్దున నాయన తనంతట తానే స్టేషన్‌కి వెళ్లి కారు తోలింది తానేనని చెప్పాడు. నాకు తెలిసేసరికి బెయిలు కూడా అయిపోయింది.

సార్ నన్ను తన గదిలోకి పిలిచి తలుపు వేశాడు.

"నిన్న అలిపిరి దగ్గర సన్మానం పెట్టారమ్మా. నేను తిరుపతిలోనే ఉండిపోయి కారు పంపించేశాను. నేనే కార్లో ఉండుంటే..." అని ఆగి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "మీ నాయన కేసు నువ్వే చూడు. వకాలత్ నీ పేరు మీదే వెయ్యి."

"నేనా సార్? మీరుండగా?"

"కారు నాది. నేను నిలబడితే డ్రైవర్ని వెనకేసుకొస్తున్నానంటారు. నువ్వు కూతురివి. నువ్వు నిలబడితే ఎవరూ ఒక్క మాట అనరు."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. వంగి ఆయన కాళ్లకు దండం పెట్టాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే నా వెన్ను నిటారుగా అయిపోతుంది.

ఇంటికెళితే నాయన పెరట్లో కూర్చుని ఉన్నాడు. చేతిలో టీ చల్లారిపోయింది.

"చూసుకోలేదా నాయనా?"

"సీకటి మా. ట్రాక్టర్లు అడ్డం."

"సరే. తగిలింది. తెలిసింది గదా తగిలినట్టు?"

నాయన చల్లారిన టీ నేల మీద పారబోశాడు.

"ఆపలేదా?"

"ఆపలేదు."

"మనిషి నాయనా! కుక్క పడినా దిగి చూసేవాడివి నువ్వు."

"ఇడ్సి పెట్టు మా," అంది అమ్మ వంటింట్లోంచి. "జరిగిపొయ్యింది. ఇంగ ఆయన్ని పొడిస్తే ఏమొస్తాది?"

అమ్మకు సిద్ధమ్మ అని పేరే గానీ, దేనికీ అంత సిద్ధంగా ఉండే మనిషి కాదు. గిన్నె కిందపడినా వీధంతా వినేలా అరిచేది. ఆ రోజు మాత్రం నిమ్మళంగా చింతపండు పిసుకుతోంది. నేను అది గమనించి ఉండాల్సింది.

ఆ రోజు నుంచి నాయనతో మాట్లాడటం మానేశాను. కేసు గురించి అడగాల్సినవి వకీలుగా అడిగాను, ఆయన ముద్దాయిగా చెప్పాడు. అంతే. భోజనానికి కూర్చుంటే నేను లేచి వెళ్లేదాన్ని. తాగి కొట్టే మొగుళ్లను, కత్తిపోట్ల ముద్దాయిలను ఎందరినో సమర్థించిన నాకు, ఇంట్లో ఉన్న ముద్దాయి ముఖం చూడబుద్ధి కాలేదు.

కేసును సార్ తొందరపెట్టాడు. నేరం ఒప్పుకుని, చనిపోయినవాడి కుటుంబం సమ్మతిస్తే తక్కువ శిక్షతో ముగించుకునే దారి చట్టంలో ఉంది. "నా కారు కేసు కోర్టులో నానుతూ ఉంటే అక్కడ నా ఫైలు కదలదమ్మా," అని దాచకుండానే చెప్పాడు. "మీ నాయనకూ మేలే. ఏ ఆరు నెలలో, అంతే. చనిపోయినవాడి భార్య సంతకం తీసుకురా."

విజయ్ కుమార్ భార్య స్టెల్లా నా ఈడుదే. గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కడిగే పని. డ్యూటీ దిగి గేటు బయటికొచ్చింది. అరచేతులు మామిడి సొనకు నల్లగా పొక్కిపోయి ఉన్నాయి. నష్టపరిహారం గురించి చెబుతుంటే సగంలోనే ఆపేసింది.

"అది వస్తే వస్తాది, రాకుంటే పోతాది. ఒకటి సెప్పండి మేడమ్. గుద్దినాడు, సరే. నిలిపి ఆస్పత్రికి ఏసుకొని పొయ్యుంటే బతికేటోడని డాక్టరు సెప్పినాడు. ఎందుకు నిలపలేదు మీ నాయన?"

నేను చేతిలోని కాగితాలు ఫైల్లో పెట్టేశాను.

"సంతకం పెడతా. కాణిపాకం గుళ్లో నిలబడి 'నేనే తోలినా, తప్పయ్యింది' అని మీ నాయన్ని నా ముందర సెప్పమనండి."

"నువ్వు చర్చికి పోతావు గదా స్టెల్లా?"

"మా ప్రభువు క్షమించేస్తాడని మీవోళ్లకు ధైర్యం," అంది. నవ్వలేదు. "ఆ సామి ఇడ్సిపెట్టడని భయం. నాకు ఆ భయం కావాల."

సార్‌కి చెప్పాను. ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడు.

"కోర్టు వ్యవహారంలో గుడి ఎందుకమ్మా? మూఢనమ్మకం. అఫిడవిట్ ఇద్దామని చెప్పు."

కాణిపాకంతోనే ఇంత ప్రాక్టీసు కట్టుకున్న మనిషి నోట ఆ మాట. విచిత్రంగా అనిపించింది. అయినా ఒత్తిడిలో ఉన్నాడులే అనుకున్నాను. ఒక మనిషిని నమ్మడం అలవాటైపోతే మెదడు ఆయన తరఫున తానే వాదించుకుంటుంది.

ఆదివారం నాయన్ని బస్సెక్కించాను. ఎక్కడికో చెప్పలేదు. టికెట్ అడిగేటప్పుడు ఊరి పేరు విన్నాడు.

"ఊరికే దర్శనం," అన్నాను.

నాయన నా వైపు తిరిగాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి కొంచెం నవ్వాడు. "సారు ఇద్దె నా మీదనే ఏస్తావా మా?"

"నీకు భయమెందుకు? తోలింది నువ్వే. లోపలికొచ్చి ఆ మాట చెప్తే అయిపోయె."

బస్సు దిగాం. కొబ్బరికాయ కొన్నాను. గుడి గోపురం కనపడేసరికి నాయన నడక తగ్గింది. చెప్పుల స్టాండు ముందు ఆగిపోయాడు. చెప్పులు విడవలేదు. ఎంతమంది క్లయింట్లను ఆ చోటనే చూశానో. అదే చూపు, అదే గొంతు సవరించుకోవడం.

"నువ్వు పొయ్యిరా మా. నాకు మోకాలు..."

"నాయనా."

పక్కనున్న కొబ్బరికాయల అంగడి అరుగు మీద కూలబడ్డాడు. కొబ్బరికాయ నా చేతిలో బరువెక్కింది.

"ఎవరు తోలారు?"

నాయన చెప్పు కొనతో నేల గీశాడు.

"సార్ తిరుపతిలో ఉండిపోయారన్నారు గదా? ఆయన లేకుండా కారు ఎవరికిచ్చావు?"

"నీకు కోటు ఏసింది ఎవురు మా?" అన్నాడు నాయన నేల చూస్తూ.

నాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. లేదు, అబద్ధం. వెంటనే అర్థమైంది. ఒప్పుకోవడానికి కాసేపు పట్టింది.

"సన్మానం కాడ ఎవురో ఫోన్ జేసినారు. ఫైలు ముందరికి పొయ్యిందంట. సారు సిన్నపిల్లోడి మాదిరి అయిపొయ్యినాడు. 'తాళాలు ఇయ్యప్పా, ఈ రోజు నేను తోలతా, నువ్వు దొరలెక్క యెనక కూసో' అన్నాడు. ఇన్నేండ్లలో నేను ఆ సీట్లో కూసునింది అదే మొదలు." నాయన అరుగును అరచేత్తో తడిమాడు. "మెత్తగా ఉన్నింది మా. నేనూ నవ్వుతానే ఉన్నా."

"తర్వాత?"

"తగిలింది. ఆపండి సార్ అన్నా. ఇంగోసారి అన్నా. ఆయన ఇనలేదు. ఇల్లొచ్చినాక స్టీరింగ్ మీద తల పెట్టుకోని ఏడ్సినాడు."

"అందుకని నీ మీద వేసుకున్నావా?"

"జడ్జి అయితే ప్రాక్టీసు ఇడ్సిపెట్టాల గదా. ఆఫీసు, కేసులు, అంతా నీకే అన్నాడు. నాకేముండాది? ఆర్నెల్లు."

"అమ్మకు తెలుసా?"

"నాకు మనసొప్పలేదు మా. మీ యమ్మే ఒప్పించింది."

గుళ్లో గంట మోగింది. జనం మమ్మల్ని తోసుకుంటూ పోతున్నారు. మనిషిని రోడ్డు మీద వదిలేశాడని నేను అసహ్యించుకున్న ఈ మనిషి, ఆపమన్నాడు. నేను కంచం ముందు నుంచి లేచిపోయిన ప్రతిసారీ అమ్మ చూస్తూనే ఉంది. ఒక్కసారైనా నోరు తెరవలేదు.

ఆ సాయంత్రమే సార్ ఇంటికెళ్లాను. ఆయన వరండాలో పేపరు చదువుతున్నాడు. నేనేమీ చెప్పకముందే కుర్చీ చూపించాడు.

"బస్సులో పోయారంట. ఎల్లప్ప ఫోన్ చేసినాడు."

నాయన ఫోన్ చేశాడు. నేను సార్ ఇంటికి చేరకముందే.

"నాయన తోలలేదు సార్."

"అమలా, ఆగు." గొంతు పెంచలేదు. జూనియర్లకు పాఠం చెప్పే గొంతే. "నువ్వు ఇప్పుడు చెప్పబోయేది నీకెలా తెలుసు? ముద్దాయి చెప్పాడు. ఎవరికి? తన వకీలుకి. వకాలత్ మీద సంతకం ఎవరిది?"

నేను కుర్చీలో వెనక్కి వాలాను.

"క్లయింటు వకీలుకి చెప్పిన మాట బయటపెడితే నీ సనద్, వకీలుగా నిలబడే హక్కు, ఏమవుతుందో నేనే నేర్పినాను గదా. మినహాయింపులుండాయి, వాదించొచ్చు. కానీ ముందు లోపలికి పోయేది తప్పుడు మాట చెప్పిన మీ నాయనే."

అప్పుడు తెలిసింది. కేసు నాకెందుకిచ్చాడో. చిత్తూరు మొత్తంలో ఆ నిజాన్ని కనిపెట్టగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. అందుకే ముందుగానే నా నోటికి తాళం వేసి, ఆ తాళానికి నా చేతే సంతకం పెట్టించుకున్నాడు. నేను కాళ్లకు దండం పెట్టాను.

"కాఫీ తాగుతావా?" అన్నాడు.

"వద్దు సార్."

నేనేమీ చెప్పకూడదు. సరే. చెప్పకుండా పని నడిపించడం కూడా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

స్టెల్లాకు ఫోన్ చేశాను. "నీ షరతుకు ఒప్పుకుంటున్నాం. రాజీ అంటే ఒక పెద్దమనిషి ఉండాల. సార్‌ని రమ్మని నువ్వే వచ్చి అడుగు. బార్ రూంలో, అందరూ ఉన్నప్పుడు."

అడిగింది. సార్ చుట్టూ పదిమంది వకీళ్లు. ఆయన ఆదివారం సేవలను పొగడని నోరు ఆ గదిలో లేదు. "పోవాల సార్, మీరు కాకపోతే ఇంకెవరు?" అన్నాడు ఒకాయన. సార్ నా వైపు చూశాడు. నేను ఫైలు తిరగేస్తున్నాను.

"దాందేముంది. వస్తా," అన్నాడు.

నాయన లైసెన్సు పోలీసుల దగ్గరుంది. అందుకని సారే తోలాడు. నేను ముందు, స్టెల్లా, నాయన వెనక. నాయన మళ్లీ అదే సీట్లో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, సీటుకు వీపు ఆనకుండా కూర్చున్నాడు.

"దేవుడు మాట చూడడు ఎల్లప్పా," అన్నాడు సార్ దారిలో. "మనసు చూస్తాడు. ఎవరి మేలు కోసం చెప్తున్నామో అది చూస్తాడు."

"సరే సార్," అన్నాడు నాయన.

మామిడి లోడు ట్రాక్టర్ల పక్కగా పోయాం. ట్రాలీల్లో కాయ కుళ్లిపోయి తియ్యటి కంపు. ఎవరూ అద్దాలు ఎక్కించలేదు.

గుడి దగ్గర అందరం దిగాం. సార్ దిగలేదు. జేబులోంచి ఫోన్ తీశాడు.

"విజయవాడ నుంచి ఫోన్ వస్తుందమ్మా. తీయకపోతే బాగుండదు. మీరు కానీండి."

స్టెల్లా కారు వైపు చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆయన కాణిపాకం పద్ధతి ఊరందరికీ తెలిసిందే. నేను చెప్పులు విడిచాను.

ప్రమాణానికని నాయన గుడి కోనేట్లో స్నానం చేసి తడిపంచెతో వచ్చాడు. స్టెల్లా చర్చిలో లాగా కొంగు తల మీద వేసుకుంది. సన్నిధి ముందు జనాన్ని కొంచెం జరగమని నాయన హారతి దగ్గరికి చేతులు చాచాడు.

"నేనే తోలినా..." అని మొదలుపెట్టాడు. మాట అక్కడే తెగింది. మళ్లీ నోరు తెరిచాడు. రాలేదు.

వెనకనున్నవాళ్లు "బిన్నా కానీప్పా," అని తొందరపెడుతున్నారు.

"అది సెప్పలేనమ్మా," అన్నాడు స్టెల్లాతో.

నేను స్టెల్లా వైపు తిరిగాను.

"మరి ఏం సెప్పగలవు?" అంది స్టెల్లా. గొంతులో కోపం లేదు.

నాయన హారతి కళ్లకద్దుకున్నాడు. "ఆపమని సెప్పినా. రెండుసార్లు సెప్పినా. ఈ సామి సాక్షి."

"ఎవురికి సెప్పినావు?"

నాయన తల తిప్పి, మేం వచ్చిన దారి వైపు, కారు నిలిపిన వైపు చూశాడు. స్టెల్లా కూడా అటే చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత కొంగు జార్చుకుని, "నేను సంతకం పెట్టను మేడమ్," అంది.

"పెట్టొద్దు," అన్నాను. వకీలుగా నా క్లయింటుకు వ్యతిరేకంగా నేను చెప్పిన మొదటి మాట అది.

తర్వాతవన్నీ పేపర్లలో వచ్చాయి. స్టెల్లా ఇంకో వకీలును పెట్టుకుని మళ్లీ దర్యాప్తు అడిగింది. తిరుపతి రోడ్డు టోల్‌గేట్ కెమెరాలో స్టీరింగ్ ముందు సన్మానం శాలువా స్పష్టంగా కనపడింది. సార్ పేరు పైకి వెళ్లిన దారినే కిందికొచ్చింది. తప్పుడు సమాచారం ఇచ్చినందుకు నాయన మీద కేసు ఇంకా నడుస్తోంది. దాన్ని నేను చూడటం లేదు. ఆదివారాలు సబ్‌జైలుకు ఇప్పుడు నేను వెళుతున్నాను. అక్కడ పాతవాళ్లు సార్‌ని అడుగుతారు. బాగున్నాడని చెబుతాను.

కానీ నాకు ఆ సీజన్ అంటే గుర్తొచ్చేది కోర్టు కాదు. గుళ్లోంచి మేం ముగ్గురం బయటికొచ్చిన క్షణం. కారు నిలిపిన చోట ఖాళీ. పూలమ్మే ఆమె రోడ్డు వైపు చేయి చూపించి, "ఇప్పుడే పొయినాడే ఆ పెద్దాయన," అంది. చనిపోయినవాడి భార్యను, ఇన్నేళ్లు తనను మోసిన డ్రైవర్ని, తన చేత్తో కోటు తొడిగిన నన్ను అక్కడే వదిలి, తానే తోలుకుంటూ వెళ్లిపోయాడు.

షేర్ ఆటోలో వచ్చాం. జాగా లేక నాయన, స్టెల్లా పక్కపక్కనే ఇరుక్కుని కూర్చున్నారు. ఆమె దిగేటప్పుడు నాయన చేతిలో ఉన్న ప్రసాదం పొట్లం అడిగి తీసుకుంది.

ఇంటి గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. తడిపంచెతో ఉన్న నాయన్ని ఏమైందని అడగలేదు. నన్నూ అడగలేదు. మా వెనక వీధిలోకి తొంగి చూసింది.

"సారు యాడ?" అంది.

నాయన చెప్పులు విడిచి, గోడకు చేయి ఆనించి నిలబడ్డాడు.

"ఎల్లిపొయినాడు," అన్నాడు. "ఈసారి నేను ఆపమనలేదు."